విండోస్ 10 కంప్యూటర్‌కు భద్రతా అప్‌డేట్ల నమోదు, పక్కనే లినక్స్: దరఖాస్తు విధానం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరం కన్నా పాతదైనా, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేకపోయినా అది ఒప్పుకోదు. షాపులో అడిగితే కొత్తది కొనమంటారు. బాగా నడుస్తున్న యంత్రాన్ని మూలన పడేయాల్సిన పని లేదని నా గట్టి నమ్మకం. గడువు దాటాక కూడా మైక్రోసాఫ్ట్ కొంతకాలం ఇచ్చే పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకుని, అదే కంప్యూటర్‌లో విండోస్ లాంటిదే అయిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ కూడా పెట్టుకోండి. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తప్పితే ఫొటోలు, ఫైళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

విండోస్ తీసేసి లినక్స్ ఒక్కటే పెట్టుకోవచ్చు కదా అంటే, మన దగ్గర అందరికీ కుదరదు. అను ఫాంట్లతో పేజీలు పెట్టే డీటీపీ వాళ్లకు, ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లకు విండోస్ కావాలి. బ్యాంకు పనులు, మెయిల్, పిల్లల చదువు, ఉత్తరాలు రాసుకోవడం లాంటివి లినక్స్‌లో హాయిగా సాగిపోతాయి.

ఎవరు నమోదు చేసుకోవచ్చు

కంప్యూటర్‌లో విండోస్ 10 హోమ్ లేదా ప్రో, 22హెచ్2 వెర్షన్ ఉండాలి. స్టార్ట్ మెనూలో ‘విన్‌వర్’ (winver) అని కొడితే వెర్షన్ తెలుస్తుంది. పాతదైతే ముందు ఉన్న అప్‌డేట్లన్నీ ఎక్కించండి. అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరి. పిల్లల ఖాతాతో కుదరదు. ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపిన కంప్యూటర్లు ఈ పథకం కిందికి రావు.

రుసుము, గడువు

మూడు దారులున్నాయి. సెట్టింగ్‌లను మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే పైసా కట్టక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు 1000 ఉంటే వాటితోనూ చేసుకోవచ్చు. ఈ రెండూ వద్దనుకుంటే 30 డాలర్లకు సమానమైన రూపాయలు ఒక్కసారి కట్టాలి, పన్ను అదనం. ఇంటి అవసరానికి మొదటి దారి చాలు. ఒకే ఖాతా మీద 10 కంప్యూటర్ల వరకు నమోదు చేయవచ్చు. ఈ పథకం గడువు 2026 అక్టోబర్ 13. ఎప్పుడు నమోదు చేసుకున్నా ఆ తేదీతోనే ముగుస్తుంది కాబట్టి ఆలస్యం చేస్తే నష్టం మనకే.

నమోదు ఎలా

సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్ తెరవండి. అర్హత ఉంటే ‘ఎన్‌రోల్ నౌ’ అన్న లింకు కనిపిస్తుంది. నొక్కితే ఖాతాలోకి లాగిన్ కమ్మంటుంది, బ్యాకప్‌కు ఒప్పుకుంటారా అని అడుగుతుంది. రెండు మూడు నిమిషాల పని. లింకు కనిపించకపోతే మిగిలిన అప్‌డేట్లు ఎక్కించి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి.

లినక్స్ జోలికి వెళ్లేముందే ఇది ముగించమనడానికి కారణం ఉంది. ఇన్నాళ్లూ మామూలు లోకల్ ఖాతాతో నడిచిన కొన్ని లాప్‌టాప్‌లలో, మొదటిసారి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి రాగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. డిస్కులో ఉన్నదంతా తాళం పడిపోతుంది. విండోస్ లోపల ఉన్నంతసేపు మనకు తేడా తెలియదు. బూట్ వరసలో, అంటే ఆన్ చేయగానే కంప్యూటర్ దేన్ని ముందు తెరవాలన్న క్రమంలో, చిన్న మార్పు జరిగిందా, తాళం చెవి అడుగుతుంది.

మా బాబాయి లాప్‌టాప్‌కు ఇదే జరిగింది, తొందరపడింది నేనే. పెన్‌డ్రైవ్ పెట్టి, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్‌ల తెర) ఒక సెట్టింగ్ మార్చి ఆన్ చేశాను. నీలం తెర వచ్చి రికవరీ కీ అడిగింది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెలు. బాబాయి ఖాతాలో చూస్తే కీ లేదు. గంటసేపు తల పట్టుకున్నాక పిన్ని గుర్తు చేసింది, ఆ లాప్‌టాప్ కొన్న రోజున మొదట లాగిన్ అయింది తమ్ముడని. వాడు బెంగళూరు నుంచి తన ఖాతా తెరిచి చూస్తే కీ అక్కడుంది. ఫోన్‌లో వాడు ఒక్కో గుంపూ చదువుతుంటే, పిన్ని కాగితం మీద రాస్తుంటే, నేను కొట్టాను. వాడి పాత మెయిల్ మూతపడి ఉంటే బాబాయి పదేళ్ల ఫొటోలు పోయేవి.

కాబట్టి నమోదు కాగానే సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఉందేమో చూడండి. ప్రో వెర్షన్‌లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో ఇలాగే తాళం వేసే బిట్‌లాకర్ చూడాలి. ఆన్‌లో ఉంటే ముందు ఖాతా పేజీలో ‘డివైసెస్’ విభాగం నుంచి రికవరీ కీ తీసి కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, తాళం పూర్తిగా విడిపోయేదాకా ఆగండి. డిస్కు పెద్దదైతే గంటలు పట్టవచ్చు, మధ్యలో కరెంటు పోకుండా ఛార్జర్ పెట్టి ఉంచండి.

లినక్స్‌కు చోటు చేయడం

బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఫైళ్ల బ్యాకప్ తీయకుండా ఇక్కడి నుంచి ఒక్క అడుగు కూడా వేయవద్దు.

బ్యాకప్ అయ్యాక కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఫైలు చూడగలరు గానీ రాయలేరు.

తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘ష్రింక్ వాల్యూమ్’ నొక్కండి. ఎంత తగ్గించాలో ఎంబీలలో అడుగుతుంది. లినక్స్‌లలో ఒక రకమైన మింట్‌కు కనీసం 20 జీబీ చాలంటారు గానీ 60 జీబీ ఇస్తే ఇరుకు లేకుండా ఉంటుంది. 60 జీబీ అంటే 61440 అని కొట్టాలి. వచ్చిన ఖాళీని అలాగే వదిలేయండి, ఫార్మాట్ చేయకండి.

లినక్స్‌లలో నేను మింట్ చెప్పడానికి కారణం, దాని మెనూ విండోస్‌కు అలవాటుపడిన చేతికి కొత్తగా అనిపించదు. 4 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఉంది, భారతీయ భాషలకు అందులో మంచి ఏర్పాట్లున్నాయి. రెండూ ఉచితమే.

ఎక్కించడం

మింట్ సొంత సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైలు (మింట్ అంతా ఒకే ఫైలుగా ఉండేది) దింపుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా పోతుంది. కంప్యూటర్ ఆఫ్ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ముందున్న పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకోండి. విండోస్ పాత లెగసీ పద్ధతిలో ఉన్న యంత్రమైతే దీన్నీ అలాగే తెరవాలి. మీది ఏ పద్ధతో విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ‘బయోస్ మోడ్’ దగ్గర రాసి ఉంటుంది.

మింట్ ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, డిస్కును ముట్టుకోదు. వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయా తీరిగ్గా చూసుకోండి. అన్నీ బాగుంటే డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి.

ఇన్‌స్టాలేషన్ టైప్ అన్న తెర దగ్గర చేయి ఆపి రెండుసార్లు చదవండి. ‘ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్ విండోస్’ అన్నది మనకు కావాల్సింది. దాని దగ్గర్లోనే ‘ఎరేజ్ డిస్క్’ ఉంటుంది, అది నొక్కితే విండోస్‌తో సహా అంతా తుడిచిపెట్టుకుపోతుంది. అలాంగ్‌సైడ్ అన్న మాటే కనిపించకపోతే అక్కడితో ఆపి బయటికి వచ్చేయండి. బూట్ పద్ధతి తేడాగా ఉండొచ్చు, ఎన్‌క్రిప్షన్ ఇంకా పూర్తిగా పోకపోయి ఉండొచ్చు. ఊహించి ముందుకు పోవద్దు. టైమ్ జోన్ కోల్‌కతా ఎంచుకుని, పేరు, పాస్‌వర్డ్ ఇస్తే మిగతాది అదే చేసుకుంటుంది.

అయ్యాక

ఇకనుంచి కంప్యూటర్ ఆన్ చేయగానే గ్రబ్ అనే నల్లటి మెనూ వస్తుంది. పైన మింట్, కింద విండోస్ బూట్ మేనేజర్. బాణం గుర్తులతో ఎంచుకుని ఎంటర్ కొట్టడమే. ఒకవేళ నేరుగా విండోస్ తెరుచుకుంటుంటే భయపడకండి, బయోస్‌లో బూట్ వరస మార్చితే సరిపోతుంది. అక్కడ మింట్ అని వెతికితే దొరకదు, దాని పేరు ‘ఉబుంటు’ అని ఉంటుంది.

కొన్ని కంప్యూటర్లలో మింట్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. లినక్స్ లోపలి గడియారంలో గ్రీనిచ్ కాలం రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. టైమ్ తప్పితే బ్యాంకు సైట్లు కూడా సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. మింట్‌లో ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) ఆదేశంతో లోకల్ టైమ్ వాడమని ఒక్కసారి చెబితే మళ్లీ టైమ్ తేడా రాదు.

విండోస్ వైపు నెలకోసారైనా వెళ్లి అప్‌డేట్లు ఎక్కించండి. నమోదు చేసుకుని మింట్‌లోనే కూర్చుంటే ఆ అప్‌డేట్లు వాటంతట అవి రావు. 2026 అక్టోబర్ 13 దాటాక విండోస్ వైపు నెట్ తీసేసి అను, ట్యాలీ లాంటి పనులకే ఉంచుకోండి. బ్యాంకు, మెయిల్ ఇక మింట్‌లోనే చూసుకోండి.