సిస్టమ్ డైనమిక్స్ సొంతంగా నేర్చుకుందాం – 5వ పాఠం: ఊగుతున్నది వ్యవస్థా, మన లెక్కా?

పోయిన పాఠంలో ఒకే స్టాకు (పోగయ్యే, తరిగే పరిమాణం), ఒకే సర్దుబాటు లూపు (లక్ష్యానికి ఎంత తేడా ఉందో చూసి దాన్ని పూడ్చే చుట్టు) పెట్టి చూశాం. సర్దుబాటు కాలాన్ని ఎంత మార్చినా గీత లక్ష్యం వైపు మెల్లగా వంగిందే తప్ప దాటి పోలేదు. దాటడం దానికి సాధ్యం కూడా కాదు. ఒక్క స్టాకున్న సరళ మోడల్‌కు ఊగే శక్తి లేదు, దానికి కనీసం రెండు స్టాకులు కావాలి. ఈసారి ఆ రెండోదాన్ని తెచ్చుకుందాం: ఆర్డరు పెట్టేశాం, సరుకు ఇంకా చేతికి రాలేదు. అంటే దారిలో ఉన్న సరుకు.

మోడల్ ఇంతే:

దారిలో ఉన్న సరుకు (స్టాకు, మొదట 400): లోపలికి ఆర్డర్లు, బయటికి రాక
నిల్వ (స్టాకు, మొదట 400): లోపలికి రాక, బయటికి అమ్మకం
రాక = దారిలో ఉన్న సరుకు ÷ 4
అమ్మకం = డిమాండ్
ఆర్డర్లు = డిమాండ్ + (400 − నిల్వ) ÷ 2

కాలం వారాల్లో, ప్రవాహాలన్నీ వారానికి ఇన్ని అని. 4 అంటే సరుకు చేరే సగటు ఆలస్యం, 2 అంటే లోటు పూడ్చుకోవాలనుకునే సర్దుబాటు కాలం. చివరి సమీకరణంలో ఆ ÷ 2 మరిచిపోయేవాళ్లు చాలామంది. సాఫ్ట్‌వేర్ పరుగెత్తుతుంది, గ్రాఫు కూడా వస్తుంది. కానీ మీరు తెలియకుండానే సర్దుబాటు కాలం 1 వారం అని రాసినట్టు. యూనిట్ల తనిఖీ నొక్కితే అక్కడే దొరికిపోతుంది: వస్తువులను తెచ్చి, వారానికి వస్తువులతో కూడారు కదా.

ముందు డిమాండ్ 100 దగ్గరే ఉంచి నడపండి. రెండు గీతలూ బల్లపరుపుగా రావాలి. దారిలో ఉన్న సరుకు మొదటి విలువ 400 ఎందుకంటే వారానికి 100 చొప్పున 4 వారాల సరుకు ఎప్పుడూ దారిలోనే ఉంటుంది. దాన్ని సున్నాగా వదిలేస్తే మొదటి వారం నుంచే గీత వంకర్లు పోతుంది, అది ఏ పాఠమూ చెప్పని వంకర. మోడల్ సమస్థితిలో మొదలవకపోతే తర్వాత వచ్చే ఏ గ్రాఫునూ నమ్మొద్దు.

ఇప్పుడు 5వ వారంలో డిమాండ్‌ను 100 నుంచి 110కి ఒక్కసారిగా పెంచండి. కింద చెప్పే వారాలన్నీ ఆ మార్పు దగ్గర నుంచి లెక్క.

మొదట కాగితం మీద చేయండి. ఇది చిన్నపిల్లల పనేమీ కాదు. 1950ల్లో ఎంఐటీలో సిస్టమ్ డైనమిక్స్ ఆద్యుడు జే ఫారెస్టర్ చేసిన తొలి అనుకరణ (సిమ్యులేషన్) కూడా జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారాల్లో ఉద్యోగుల సంఖ్య ఎందుకు ఎగుడుదిగుళ్లు పడుతోందన్న ప్రశ్న మీదే, నోటుబుక్కులో చేతి లెక్కతోనే. డీటీ, అంటే లెక్క వేసే అడుగు, 1 వారం అనుకుందాం. 0వ వారం: రాక 400 ÷ 4 = 100, ఆర్డర్లు 110. కాబట్టి 1వ వారానికి నిల్వ 390, దారిలో 410. అక్కడ రాక 102.5, ఆర్డర్లు 110 + 10 ÷ 2 = 115. 2వ వారానికి నిల్వ 382.5, దారిలో 422.5. ఇలాగే పోతే 3వ వారానికి నిల్వ 378.1, 4వ వారానికి 377.0. అక్కడి నుంచి పైకి తిరుగుతుంది. 9వ వారానికి 400 దాటుతుంది, 13వ వారానికి 412.7 దాకా పోయి మళ్లీ దిగుతుంది.

ఎందుకు దాటింది? నిల్వ 400కి చేరేసరికి దారిలో 460 దాకా సరుకు ఉంది, వారానికి 110 అమ్మడానికి కావలసింది 440 మాత్రమే. లోటు చూసి భయపడి పెట్టిన ఆర్డర్లన్నీ లోటు తీరాక వచ్చి పడుతున్నాయి. బాగుంది. కానీ తొందరపడి ఈ గ్రాఫును రిపోర్టులో పెట్టకండి. ఇందులో కొంత ఊగుడు మోడల్‌ది, కొంత మన అడుగుది.

ఇదే మోడల్‌ను డీటీ 2తో నడపండి. నిల్వ 370కి దిగి, 428కి ఎక్కి, మళ్లీ అంతే దిగి, ఎన్నేళ్లు నడిపినా తగ్గకుండా ఊగుతూనే ఉంటుంది. డీటీ 4 పెడితే ప్రతి అడుగుకూ ఊగుడు పెద్దదై అదుపు తప్పుతుంది. ఇప్పుడు 0.125 పెట్టండి: లోటు 18.4, ఆ తర్వాతి మిగులు 6.1. 0.0625తో 18.2, 5.8. కలనగణితంతో కచ్చితంగా సాధిస్తే లోటు 17.9, మిగులు 5.5. అంటే డీటీ 1తో మనం చూసిన 12.7 మిగులులో సగానికి పైగా వట్టి లెక్క తప్పు. వ్యవస్థ ఒకటే, సమీకరణాలు ఒకటే. ఊగి ఊగి అణిగిపోయే వ్యవస్థనే డీటీ 2 ఎప్పటికీ ఆగని గడియారంలా చూపించింది.

కారణం ఆయిలర్ పద్ధతి, అంటే పైన మనం అడుగడుగునా వేసిన లెక్క, నడిచే తీరులో ఉంది. అడుగు మొదట్లో ఉన్న ప్రవాహాన్నే అడుగంతా అలాగే ఉంటుందనుకుంటుంది. నిల్వ తిరగాల్సిన చోట తిరగకుండా కాస్త ముందుకు పోయి, అక్కడ మేలుకుంటుంది. ఒక విధంగా మోడల్‌లో మీరు రాయని ఇంకో చిన్న ఆలస్యాన్ని అదే చేరుస్తోంది. ఊగే మోడళ్లలో ఈ తప్పు ఎప్పుడూ ఊగుడును పెంచే వైపే పోతుంది, అందుకే ప్రమాదం.

మోడల్‌లోని అతి చిన్న కాలస్థిరాంకంలో నాలుగో వంతుకు మించి డీటీ పెట్టొద్దన్నది వాడుక నియమం. మన మోడల్‌లో అతి చిన్నది 2, కాబట్టి 0.5 హద్దు. ఊగే మోడల్‌కు అది కూడా ఎక్కువే. 0.125 దగ్గర మొదలుపెట్టి, సగం చేసి, రెండు గ్రాఫులను ఒకదాని మీద ఒకటి వేయండి. మీరు చెప్పబోయే మాట మారకపోతే చాలు. 0.1 కాకుండా 0.125 ఎందుకంటే, కంప్యూటరు ద్విసంఖ్యల్లో (0, 1లతోనే రాసే అంకెల్లో) 0.1ని కచ్చితంగా దాచడం కుదరదు. 50 అడుగులు వేశాక కాలం 5కి వెంట్రుకవాసి అటో ఇటో పడి, 5వ వారంలో జరగాల్సిన మార్పు ఒక అడుగు ఆలస్యంగా జరగొచ్చు. 1/8, 1/16 లాంటివాటికి ఆ బెడద లేదు. ఈ మోడళ్లు నడిపే సాఫ్ట్‌వేర్లు వెన్సిమ్‌లోనూ స్టెల్లాలోనూ ఆయిలర్ కంటే కచ్చితమైన రుంగే-కుట్టా 4 పద్ధతి ఉంది కదా అంటారా? నునుపైన మోడల్‌కు అది బ్రహ్మాండం. షరతులు, హఠాత్తు మార్పులు ఉన్న మోడల్‌లో మాత్రం ఆయిలర్, చిన్న డీటీ నాకు నచ్చిన జోడీ.

ఇక అసలు వ్యవస్థ ఎంత ఊగుతుంది? రెండు స్టాకుల సమీకరణాలను కలిపితే రెండో తరగతి అవకలన సమీకరణం వస్తుంది. ఊగుడు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె, డ్యాంపింగ్ నిష్పత్తి = 0.5 × √(సర్దుబాటు కాలం ÷ ఆలస్యం). మనకు 0.5 × √(2 ÷ 4) = 0.35. అది 1 కంటే తక్కువ కాబట్టి ఊగుతుంది, చుట్టు పూర్తవడానికి సుమారు 19 వారాలు పడుతుంది. ఊగకుండా ఉండాలంటే సర్దుబాటు కాలం ఆలస్యానికి నాలుగింతలు, అంటే 16 వారాలు ఉండాలి. 16 పెట్టి నడపండి. గీత శాంతిస్తుంది, కానీ నిల్వ ఎంత లోతుకు దిగి ఎన్ని వారాలకు కోలుకుందో కూడా చూడండి. ఓపిక పట్టడమే మందైతే ఆ మందు ఖరీదు అది.

అంతకంటే మంచి దారి ఉంది. ఆర్డరు పెట్టేవాడు దారిలో ఉన్న సరుకును కూడా లెక్కలోకి తీసుకోవాలి:

ఆర్డర్లు = డిమాండ్ + (400 − నిల్వ) ÷ 2 + (డిమాండ్ × 4 − దారిలో ఉన్న సరుకు) ÷ 2

డిమాండ్ పెరిగిన క్షణమే ఆర్డర్లు 130కి ఎగురుతాయి. నిల్వ 2.8 వారాల దగ్గర 390కి దిగి, మళ్లీ పైకి వచ్చి, 400ని ఒక్కసారి కూడా దాటకుండా అక్కడ ఆగుతుంది. సర్దుబాటు కాలం 2 వారాలే, ఊగుడు మాత్రం మాయం. రెండు సర్దుబాట్లకూ ఒకే కాలం పెట్టినంతవరకు ఈ మోడల్ ఏ విలువలకూ ఊగదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. డిమాండ్ × 4 రాయాల్సిన చోట 400 అని అంకె రాసేశారనుకోండి. మొదటి పరుగులో, డిమాండ్ 100 ఉన్నప్పుడు, తేడా కనిపించదు. డిమాండ్ 110 అయ్యాక నిల్వ 360 దగ్గర ఇరుక్కుపోతుంది, ఎన్నటికీ కోలుకోదు. దారిలో కావలసిన సరుకు 440 అయితే, సూత్రం 40 ఎక్కువుందనుకుని ప్రతి వారం ఆర్డర్లు కోస్తుంటుంది. నిల్వ కూడా 40 తగ్గి ఆ కోతను పూడిస్తే తప్ప లెక్క నిలవదు. లక్ష్యానికి కొంచెం కిందో పైనో గీత ఆగిపోయి కనిపిస్తే ముందు వెతకాల్సింది ఇలా సమీకరణంలో పాతుకుపోయిన అంకెనే.

మరొక మెట్టు. రాక = సరుకు ÷ 4 అంటే ఇవాళ పెట్టిన ఆర్డరులో కొంత వెంటనే వచ్చేస్తుందని అర్థం. నిజంగా సరుకు అలా రాదు. దారిని మూడు స్టాకులుగా విడగొట్టి, ఒక్కోదానికి 4 ÷ 3 వారాల ఆలస్యం ఇవ్వండి. ఒక్కో స్టాకు మొదటి విలువ 133.33. మూడింటిలోనూ 400 పెడితే దారిలో 1200 ఉన్నట్టు, ఆ తప్పును సమస్థితి పరీక్ష వెంటనే పట్టేస్తుంది. దారి సరుకును చూడని పాత ఆర్డరు సూత్రాన్నే వాడండి. ఒకే స్టాకు ఆలస్యంతో సర్దుబాటు కాలం ఎంత తగ్గించినా ఊగుడు చివరికి తగ్గేది. ఇక్కడ అలా కాదు. సర్దుబాటు కాలానికి ఆలస్యంలో 0.375 వంతు, అంటే 1.5 వారాలు, కింది హద్దు. 2 దగ్గర ఊగుడు నిదానంగా తగ్గుతుంది, 1 దగ్గర అదుపు తప్పుతుంది. ఈసారి డీటీని ఎంత చిన్నది చేసినా తగ్గదు. ఇది వ్యవస్థ సొంత గుణం.

అభ్యాసం. మూడు స్టాకుల మోడల్‌ను సర్దుబాటు కాలం 1, డీటీ 0.0625తో 200 వారాలు నడపండి. ఆర్డర్లు ఎప్పుడు సున్నా కిందికి దిగాయో రాసుకోండి. రుణ ఆర్డరు అంటే దారిలో ఉన్న సరుకును వెనక్కి పంపడం, మన మోడల్ అలాంటిదేమీ అనలేదు. ఆర్డర్ల సమీకరణాన్ని సున్నాకు, పాత సూత్రానికి మధ్య ఏది పెద్దదైతే అది తీసుకునేలా మార్చి మళ్లీ నడపండి. ఊగుడు పెరుగుతూ పోవడం ఎక్కడ ఆగింది, ఆగాక ఎంత వెడల్పున స్థిరపడింది, ఒక చుట్టుకు ఎన్ని వారాలు పట్టింది? నిల్వ కూడా సున్నా కిందికి పోతే అమ్మకం = డిమాండ్ అన్న సమీకరణం చెల్లదు. దాన్ని సరిచేయడంతోనే 6వ పాఠం మొదలవుతుంది, ఈ అంకెలు దగ్గర పెట్టుకుని రండి.