క్రూయిజ్ టెర్మినల్‌లో చెక్-ఇన్, బోర్డింగ్ లైన్లను నడపడం ఎలా?

క్రూయిజ్ ఓడ తెల్లవారుతూనే రేవుకు చేరి సాయంత్రానికల్లా మళ్లీ బయల్దేరుతుంది. ఈలోపే పాతవాళ్లు దిగాలి, క్యాబిన్లు శుభ్రం కావాలి, సరుకు ఎక్కాలి, కొత్తగా రెండు మూడు వేల మంది ఎక్కాలి. అంతమంది నాలుగైదు గంటల్లో ఒకే దారిన వెళ్లాలంటే లైను తప్పదు. కాకపోతే అది ఎక్కడ ఆగాలన్నది టెర్మినల్ వాళ్ల చేతిలో ఉంటుంది. కుర్చీలు, మరుగుదొడ్లు, మంచినీళ్లు ఉన్న హాల్లో ఆగితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అదే రోడ్డు మీదో, ఓడలోకి ఎక్కే వంతెన (గ్యాంగ్‌వే) వాలు మీదో ఆగితే ఆ రోజంతా దాన్ని సర్దడానికే సరిపోతుంది.

1. ముందురోజే లెక్క వేసుకోండి

మొత్తం ప్రయాణికులను గంటలతో భాగించి ఊరుకోవద్దు. జనం ఎప్పుడూ సమానంగా రారు. 3,000 మంది ఎక్కే ఓడకు చెక్-ఇన్ 11 గంటల నుంచి 3:30 దాకా అనుకుందాం. సగటున గంటకు 667 మంది. కానీ 11:30, 1:30 మధ్యనే 1,800 మంది వచ్చేస్తే ఆ రెండు గంటలూ గంటకు 900 మంది చొప్పున వచ్చినట్టు. సిబ్బందిని ఈ 900కు సరిపడా పెట్టాలి.

ఒక్కొక్కరికి ఒకటిన్నర నిమిషం పడితే ఒక కౌంటర్ గంటకు 40 మందిని పంపుతుంది. 900ని 40తో భాగిస్తే 22.5, అంటే 23 కౌంటర్లు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. 23 కౌంటర్లే ఉంటే ఎవరికీ ఊపిరి సలపదు. ఒక ప్రింటర్ మొరాయించినా, ఒక కుటుంబం కాగితాల కోసం సంచులు వెతుక్కున్నా, పేరుకున్న లైను జనం పలచబడేదాకా తగ్గదు. కౌంటర్లు 85 శాతం పనితో నడిచేలా చూసుకుంటే 27 కావాలి. ఒకటిన్నర నిమిషం అన్నది ఉదాహరణకే. మీ దగ్గర ఎంత పడుతోందో స్టాప్‌వాచ్ పట్టుకుని ఓ వంద మందికి కొలవండి.

ఇదే లెక్క సెక్యూరిటీ స్కానర్లకూ గ్యాంగ్‌వేకూ వేయాలి. గ్యాంగ్‌వే మీద నిమిషానికి 10 మందే ఎక్కగలిగితే గంటకు 600. కౌంటర్లు 900 మందిని వదులుతుంటే గంటకు 300 మంది హాల్లో పోగవుతారు, రెండు గంటలకు 600 మంది. కూర్చోబెట్టడానికి అంత చోటు లేకపోతే కౌంటర్లు పెంచి ప్రయోజనం లేదు. ఆ మేరకు జనాన్ని ముందు దశల్లోనే ఆపాలి.

2. రాకకు సమయాలు ఇవ్వండి

అరగంట స్లాట్లు చాలు. బస్సులో వచ్చే బృందాలను మాత్రం విడిగా చూడాలి. ఒక్కో బస్సు ఒకేసారి 40, 50 మందిని దింపుతుంది, మూడు బస్సులు కలిసొస్తే మీ లెక్కంతా తలకిందులే. బస్సుల సమయాలు ముందే తెప్పించుకుని పది నిమిషాల ఎడం ఉండేలా మాట్లాడుకోండి.

స్లాట్ కంటే ముందొచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. హోటల్ గది ఖాళీ చేసి ఉంటారు, పొద్దున్నే విమానం దిగి ఉంటారు. వాళ్లను లైన్లో కలిపేస్తే చెప్పిన సమయానికి వచ్చినవాళ్లకు కోపం వస్తుంది. పొమ్మంటే గేటు దగ్గరే నిలబడతారు. నీడలో వేరే చోటు చూపించి, సమయం అయ్యాక స్లాట్ పేరుతో పిలవండి.

3. లగేజీ అప్పగించే చోట

పెద్ద పెట్టెలు బయటే పోర్టర్లకు అప్పగిస్తారు. అక్కడ సిబ్బంది అడగాల్సిన మాట ఒకటుంది: ‘పాస్‌పోర్టు, మందులు చేతి సంచిలోనే ఉన్నాయా?’ పెట్టెలో పాస్‌పోర్టు పెట్టి అప్పగించేసేవాళ్లు తరచూ తగులుతారు. ఆ పెట్టె వందల పెట్టెల్లో కలిసిపోయాక వెతకడం పెద్ద తలనొప్పి. క్యాబిన్ నంబరు రాయడానికి ఖాళీ ట్యాగులు, స్టేప్లర్, లావు మార్కర్ పెన్నులు అక్కడే ఉంచండి.

4. సెక్యూరిటీ తనిఖీ

ఓడలు, రేవుల భద్రత కోసం 2004 జులై 1న అమల్లోకొచ్చిన అంతర్జాతీయ నియమావళి ఐఎస్‌పీఎస్ కోడ్ కింద ప్రయాణికులను, సామాన్లను తనిఖీ చేసే ఏర్పాటు ఉండాల్సిందే. జనం ఎక్కువయ్యారని ఇక్కడ చూసీచూడనట్టు వదలడం కుదరదు.

లైను ఆగేది చాలావరకు యంత్రం వల్ల కాదు. స్కానర్ బెల్టు ఖాళీగా తిరుగుతూ ఉంటుంది, దాని ముందు ఒకాయన జేబులు తడుముకుంటూ ఉంటాడు. బెల్టు ముందు నలుగురైదుగురు ఒకేసారి ట్రేలు సర్దుకునేంత పొడవు బల్ల వేయండి. తనిఖీ అయ్యాక నడుము బెల్టు పెట్టుకోవడానికి, సంచి సర్దుకోవడానికి బెంచీలు ఐదారు మీటర్ల అవతల ఉండాలి. అనుమానం వచ్చిన సంచిని విప్పే బల్ల పక్కకు ఉండాలి. ఖాళీ ట్రేలను వెనక్కి తెచ్చే పనికి ఒక మనిషిని పెట్టండి, ఇంకే పనీ అప్పగించొద్దు. ఇస్త్రీ పెట్టెలు, కొవ్వొత్తులు చాలా ఓడల్లోకి అనుమతించరు. వాటి బొమ్మల బోర్డు లైను మొదట్లోనే కనిపించాలి. స్కానర్ దగ్గరికి వచ్చాక తెలిస్తే అక్కడ వాదన తప్పదు.

5. కౌంటర్ల దగ్గర

కౌంటర్‌కో లైను పెట్టకండి. మలుపులు తిరిగే ఒకే లైను, దాని చివర ఖాళీ కౌంటర్ చూపించే ఒక మనిషి, అంతే. ఒక కౌంటర్ దగ్గర ఆలస్యమైనా ఎవరూ ఇరుక్కుపోరు, ‘పక్క లైను ముందుకు పోతోంది’ అన్న గొడవా ఉండదు. దారి వెడల్పు 1.2 నుంచి 1.5 మీటర్లు, మనిషికి సుమారు 1.2 చదరపు మీటర్ల చోటు చూసుకోండి. జనం పలచబడ్డాక మలుపులు తీసేయండి. ఖాళీ మలుపుల్లో తిరగమంటే ఎవరికైనా చిరాకే. వీల్‌చెయిర్లకు మలుపులు లేని దారి మొదటి నుంచీ ఉండాలి.

కౌంటర్‌కు పది మీటర్ల ముందే ఒకరిద్దరు తిరుగుతూ పాస్‌పోర్టు, వీసా, బోర్డింగ్ పాస్ చూడాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరితోనే వచ్చిన పిల్లలకు అనుమతి పత్రం అవసరమైతే అది ఉందో లేదో అక్కడే తేలిపోవాలి. మూడు నిమిషాల్లో తెగని కేసును సూపర్‌వైజర్ ఉన్న ప్రత్యేక కౌంటర్‌కు పంపండి. ఒంట్లో బాగాలేదని ఆరోగ్య పత్రంలో రాసినవాళ్లను వైద్య సిబ్బంది దగ్గరికి విడిగా తీసుకెళ్లాలి, పదిమందిలో నిలబెట్టి ప్రశ్నలు వేయకూడదు.

ఎంతసేపు పడుతుందో చెప్పడానికి 1961లో అమెరికా ప్రొఫెసర్ జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం చాలు. లైన్లో ఉన్నవాళ్ల సంఖ్యను నిమిషానికి బయటపడేవాళ్ల సంఖ్యతో భాగించాలి. 240 మంది ఉండి నిమిషానికి 12 మంది వెళ్తుంటే 20 నిమిషాలు. ఆ సమయాన్ని బోర్డు మీద పెట్టి పావుగంటకోసారి మార్చండి.

6. హాలు నుంచి గ్యాంగ్‌వేకి

చెక్-ఇన్ అయినవాళ్లకు గ్రూపు నంబరు కార్డులిచ్చి కూర్చోబెట్టండి. నంబరు చేతిలో ఉంటే మరుగుదొడ్డికి వెళ్లొచ్చినా వంతు పోదు. పాతవాళ్లందరూ దిగిపోయారని ఓడ నుంచి కబురు వచ్చాకే మొదటి గ్రూపును పిలవాలి.

గ్రూపుకు 50 మంది దాటకపోతే మంచిది. ముందు గ్రూపులో చివరి పదిమంది గ్యాంగ్‌వే కింద ఉండగా తర్వాతి గ్రూపును లేపండి. పైన కార్డు స్కాన్ చేసి ముఖం సరిచూసే చోట ఆగితే ఆ ఆగడం వాలు మీదికే వస్తుంది. అందుకే పైన ఉన్నవాళ్లకూ కింద ఉన్నవాళ్లకూ వాకీటాకీ ఉండి తీరాలి. ‘ఆపండి’ అన్న మాట వినగానే కిందివాళ్లు ఎందుకని అడగకుండా ఆపాలి. ఆటుపోట్లకు వాలు మారుతుంది కాబట్టి, వీల్‌చెయిర్ ప్రయాణికులను వాలు తక్కువగా ఉండే వేళకు పిలిచేలా ముందే ఓడతో మాట్లాడుకోండి.

7. ఓడ ఆలస్యమైతే

కొత్త సమయం తెలియకపోయినా పావుగంటకోసారి మైకులో మాట్లాడండి. ‘ఇంకా తనిఖీ జరుగుతోంది, మళ్లీ 12:15కి చెప్తాం’ అన్నా జనం కుదురుగా కూర్చుంటారు. ఇంకా బయల్దేరనివాళ్లకు మెసేజ్ పంపి స్లాట్లు వెనక్కి జరపండి, లేకపోతే రెండు స్లాట్ల జనం ఒకేసారి గేటు మీద పడతారు.

8. మూసేటప్పుడు

చెక్-ఇన్‌ను ఓడ బయల్దేరే సమయానికి కనీసం గంట ముందే మూసేస్తారు. తుది ప్రయాణికుల జాబితా అధికారులకు వెళ్లాలి. పైగా 2015 నుంచి సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనల ప్రకారం, ఓడలో 24 గంటలకు మించి ఉండేవాళ్లకు, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే అత్యవసర సమావేశ డ్రిల్ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో జరగాలి.

మూసివేతకు అరగంట ముందు రానివాళ్ల జాబితా తీసి ఫోన్లు చేయండి. వాళ్ల పెట్టెలు ఎక్కాయో లేదో అప్పుడే చూడండి. చివర్లో టెర్మినల్ లెక్కనూ ఓడ స్కానర్ లెక్కనూ పక్కపక్కన పెట్టాలి. ఒక్కరి తేడా ఉన్నా ముందు మరుగుదొడ్లు, ప్రత్యేక కౌంటర్, వైద్య గది వెతకండి. చాలాసార్లు వాళ్లు అక్కడే దొరుకుతారు. రెండు లెక్కలూ కలిశాకే గ్యాంగ్‌వే తీయవచ్చని ఓడకు చెప్పండి.