మాస్టోడాన్‌లో సర్వర్ మారేముందు ఈ జాగ్రత్తలు

మాస్టోడాన్ అంటే వేర్వేరు వాళ్ళు నడిపే చాలా సర్వర్లు కలిసిన సోషల్ నెట్‌వర్క్, మన అకౌంట్ అందులో ఒక సర్వర్‌లో ఉంటుంది. ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫాలోవర్లు మీతో వస్తారు కానీ పాత పోస్టులు రావు, అవి పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి.

- పాత అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్ళి ఫాలో అవుతున్నవాళ్ళ లిస్టు, మ్యూట్, బుక్‌మార్కులు అన్నీ సీఎస్‌వీ ఫైళ్ళుగా దించుకోండి. బ్లాక్ లిస్టు మాత్రం అస్సలు మర్చిపోవద్దు, వేధించినవాళ్ళు కొత్త చోట మళ్ళీ ఎదురైతే ఆ బాధ మామూలుగా ఉండదు.

- కొత్త అకౌంట్‌లో పాతదాన్ని ఏలియాస్‌గా (అంటే అదీ మీదేనని చెప్పే సెట్టింగ్) పెట్టాకే పాతదాంట్లో మూవ్ నొక్కాలి. ఒకసారి మారితే 30 రోజులు మళ్ళీ మారడం కుదరదు, అందుకే కొత్త సర్వర్ రూల్స్ నిదానంగా చదవండి, వాళ్ళు ఏ సర్వర్లని పూర్తిగా బ్లాక్ చేశారో కూడా అడిగి తెలుసుకోండి, మీ ఫ్రెండ్స్ ఉన్న సర్వర్ అందులో ఉంటే ఇక వాళ్ళతో మాటలుండవు.

- పాత సర్వర్ మూసేస్తున్నారంటే రేపు చూద్దాం అనుకోకండి, అది ఆగిపోయాక ఫాలోవర్లని తెచ్చుకోలేం.

- ప్రైవేట్ మెన్షన్లు (అంటే ఇక్కడి ప్రైవేట్ మెసేజ్‌లు) ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్ట్ కావు, సర్వర్ నడిపే అడ్మిన్ తలుచుకుంటే చూడగలరు, కాబట్టి కొత్త ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ అందులో పంపొద్దు. ఇంకోటి, ఇద్దరు మాట్లాడుకుంటూ మూడో మనిషి హ్యాండిల్ (@తో మొదలయ్యే యూజర్ పేరు) పూర్తిగా టైప్ చేశారంటే ఆ మెసేజ్ నేరుగా వాళ్ళకీ వెళ్ళిపోతుంది, నిజంగా!