పాత పద్మిని కారుకి ఏ సైజు టైర్లు వేయాలి?

జయపురంలో మా ప్రీమియర్ పద్మినికి టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు, "వెడల్పువి వేయండి బాబూ, రోడ్డును పట్టుకుంటాయి" అని షాపతను 185 మిల్లీమీటర్ల వెడల్పువి ఎక్కించాడు. ఖాళీ బండికి బాగానే ఉన్నాయి. నలుగురం కూర్చుని సుంకి ఘాట్ దిగుతుంటే మాత్రం ప్రతి మలుపులో మడ్‌గార్డు లోపల గరగర. పవర్ స్టీరింగ్ లేని బండి, సాలూరు చేరేసరికి చేతులు పడిపోయాయి. అందుకే డబ్బు తీసే ముందు టేపు తీయండి.

మొదట అసలు సైజు తెలుసుకోండి. పద్మినికి 5.20-14, అంబాసిడర్‌కి 5.90-15. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము (టైరు ఎక్కే ఇనుప చక్రం) వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. ఇప్పుడు బండికున్న టైరును చూసి సైజు రాసుకోవద్దు. ఇన్నేళ్లలో ఎవరు ఏం మార్చారో!

తర్వాత ఎత్తు కలపాలి. అసలు పని ఇదే. పాత టైర్ల పక్క గోడ ఎత్తు దాదాపు వెడల్పంతే ఉండేది కాబట్టి 5.20-14 టైరు మొత్తం నిలువునా సుమారు 600 మిల్లీమీటర్లు వస్తుంది. ఇప్పటి 155/80 ఆర్14 తీసుకుందాం: 155 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 80 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, ఆర్ అంటే రేడియల్, అంటే ఇప్పటి రకం టైరు, 14 రిమ్ము అంగుళాలు. 155లో 80 శాతం 124, పైనా కిందా కలిపి 248. దానికి 14 అంగుళాల రిమ్ము, అంటే 355.6 కలిపితే సుమారు 604. సరిపోయింది. తేడా 3 శాతం దాటనివ్వకండి. టైరు ఎత్తు పెరిగితే స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, పొట్టంగి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను ఆయాసపడుతుంది.

రిమ్ము వెడల్పు కొలిచేటప్పుడు బయటి అంచులు కాదు, టైరు కూర్చునే లోపలి అంచుల మధ్య కొలవండి. 4 నుంచి 5 అంగుళాలుంటే 155 హాయిగా కూర్చుంటుంది. అల్లాయ్ వీల్స్ మోజుంటే బోల్టు కన్నాల మధ్య దూరం, రిమ్ము లోపలికెంత వెళ్తుందో కూడా పాతదానితో సరిపోవాలి. నన్నడిగితే ఇనుప రిమ్ములే ఉంచండి.

పాత రిమ్ముకు రేడియల్ వేసినా ట్యూబు ఉండాల్సిందే, అదీ రేడియల్ ట్యూబే. ఒకే యాక్సిల్‌కి ఒక పక్క రేడియల్, ఇంకో పక్క పాత రకం వేయకూడదు. స్టెప్నీ కూడా అదే రకం కొనండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి: 2324 అంటే 2024లో 23వ వారం తయారీ.

బిగించాక నలుగురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పించి, మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేలు పెట్టి చూడండి. వేలు దూరకపోతే షాపు దగ్గరే విప్పించేయండి.