మిలట్రీలో చేసి బ్యాంకులో రిటైరైన పెద్దాయన గురించి రాయాలంటే

1962 చైనా యుద్ధం తర్వాత మిలట్రీలో చేరి, పదిహేనేళ్లు చేసి పెన్షన్‌తో బయటికొచ్చి, మాజీ సైనికుల కోటాలో బ్యాంకులో క్లర్కుగానో గార్డుగానో చేరి, అరవై ఏళ్లకి అక్కడా రిటైరైన పెద్దవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం, గార్డు, అటెండరు లాంటి సబార్డినేట్ పోస్టుల్లో 24.5 శాతం మాజీ సైనికులకి కేటాయించారు కాబట్టి ఆ దారిన వెళ్లినవాళ్లు ఎక్కువ. ఇప్పుడు వాళ్లకి ఎనభై దాటింది, ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పెద్దకర్మ రోజున పంచే కాగితంలో మనం ‘క్రమశిక్షణకు మారుపేరు, మృదుస్వభావి, కుటుంబమే ప్రాణంగా బతికారు’ అని వేయించి ఊరుకుంటాం. ఆ మాటలు ఎవరి ఫొటో కింద పెట్టినా సరిపోతాయి. ఆయనొక్కడికే సరిపోయే నాలుగు పేజీలు రాయడం ఎలాగో చెబుతాను.

ముందు ట్రంకు పెట్టె తీయండి. నల్ల రేకు పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు ఉంటాయి. మా మావయ్య పెట్టె మీద ‘నాయక్’ అన్న మాట మీద నల్లరంగు పూసి పక్కన ‘హవల్దార్’ అని రాసి ఉంది, ఆ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందని వెతుకుతూ వెళితే రెండు పోస్టింగుల సంగతులు బయటపడ్డాయి. పెట్టెలో డిశ్చార్జ్ బుక్ దొరికితే సగం పని అయినట్టే. చేరిన తేదీ, రెజిమెంటు, ట్రేడ్, వచ్చిన పతకాలు అన్నీ అందులోనే ఉంటాయి. ట్రేడ్ దగ్గర ఆగండి. డ్రైవరా, సిగ్నల్ ఆపరేటరా, స్టోర్స్‌లో చేశారా, వంట చేశారా? ఏది ఉంటే అదే రాయండి. స్టోర్స్‌లో పనిచేసిన మనిషిని సరిహద్దులో తుపాకీ పట్టి పోరాడాడని రాస్తే ఆయన చేసిన అసలు పనిని మనమే చిన్నబుచ్చినట్టు, పైగా ఆయనతో చేసినవాళ్లు చదివితే బాధపడతారు.

పతకాలని బ్రాసో లాంటి మెరుగు పాలిష్‌తో తోమొద్దు. అంచు మీద, నక్షత్రం ఆకారంలో ఉండే స్టార్ అయితే వెనకవైపు, నంబరూ పేరూ సన్నగా చెక్కి ఉంటాయి, రుద్దితే అరిగిపోతాయి. పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుని ఫొటో తీస్తే చదవొచ్చు. 1971 యుద్ధంలో తూర్పు వైపు చేసినవాళ్లకి పూర్వీ స్టార్, పడమర వైపు చేసినవాళ్లకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే అప్పట్లో సర్వీసులో ఉన్నారని అర్థం. పాత ఉత్తరాలు కూడా చూడండి. ఎక్కడున్నదీ రాయకూడదు కాబట్టి అడ్రసు 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటుంది (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు), మొదటిది ఢిల్లీ మీదుగా, రెండోది కలకత్తా మీదుగా వెళ్లే తపాలా. తేదీతో కలిపి చూస్తే ఏ వైపు ఉన్నారో చాలావరకు తెలిసిపోతుంది.

కాగితాలేవీ దొరక్కపోతే సర్వీసు నంబరుతో ఆయన రికార్డ్ ఆఫీసుకి, అంటే ఆయన విభాగం సైనికుల సర్వీసు కాగితాలు ఉంచే చోటుకి రాయండి. వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ, ఆయుధాలు, సామాన్లు సరఫరా చేసే ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ వాళ్లవి సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఎవరికి రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ పని కోసం ఎలాగూ వెళతారు, ఈ మాట కూడా అప్పుడే కదపండి.

బ్యాంకు భాగాన్ని ఒక్క లైనులో తేల్చేయడం నాకు నచ్చదు. పదిహేనేళ్లు సైన్యంలో ఉంటే ఇరవై పైచిలుకు ఏళ్లు బ్యాంకులో ఉన్నాడాయన. బ్యాంకు పేరు అప్పుడున్నట్టే రాయండి. 1923లో పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందే ఎస్‌బీఐలో కలిసింది. ఈ సంగతి ఒక వాక్యంలో చెప్పకపోతే తాతయ్య ఎక్కడ పనిచేశాడో మనవళ్లకి అర్థం కాదు.

పని ఎలా ఉండేదో కూడా రాయండి. కంప్యూటర్లు రాకముందు సేవింగ్స్ ఖాతాకి వడ్డీ కట్టాలంటే లెడ్జర్ తెరిచి, ప్రతి నెలా 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనీస నిల్వ ఎంతో చూసి, ఆరు నెలలవి కూడి, చేత్తో లెక్కేయాలి. ఒక్కో ఖాతాకి ఇంత తతంగం, బ్రాంచిలో వేల ఖాతాలు. లెడ్జర్ల లెక్కలు సరిచూసే బ్యాలెన్సింగ్ రోజుల్లో పైసాల్లో తేడా వచ్చినా అది దొరికేదాకా రాత్రయినా ఇళ్లకి వెళ్లేవాళ్లు కాదు. సంక్రాంతి ముందు నాన్న ఇంట్లో ఉండేవాడు కాదేమిటన్న పాత ప్రశ్నకి జవాబు బహుశా ఆ లెడ్జర్లలో ఉంటుంది.

ఇక మనుషులు. సైన్యం స్నేహితులు, బ్యాంకు వాళ్లు, ఇంటివాళ్లు ఒకరికొకరు తెలియని మూడు గుంపులు, ఒక్కొక్కరికీ ఆయన మూడో వంతే తెలుసు. ముగ్గురి దగ్గరికీ మీరే వెళ్లాలి. ‘ఆయన ఎలాంటివారండీ’ అని అడిగితే ‘చాలా మంచివారు’ అంటారు, అక్కడితో అయిపోతుంది. సెలవు మీద వచ్చేటప్పుడు ఏ రైలెక్కేవారు, మెస్‌లో పప్పు ఎలా ఉండేది, కోపమొస్తే ఏమనేవారు అని అడగండి. బ్రాంచి ఉన్న ఊళ్లో గేదెల లోన్ తీసుకున్న రైతులు, పెన్షన్ ఫారం రాయించుకున్న పెద్దమ్మలు ఉంటే ఒక పూట వెళ్లి కూర్చోండి. వాళ్ల అప్పుల సంగతులు మాత్రం పేర్లతో రాయొద్దు.

అందరికంటే ముందు అమ్మ దగ్గర కూర్చోండి. పిల్లలంతా చుట్టూ చేరి మధ్యలో సరిదిద్దకూడదు, ఒక్కరే ఉండండి, ఫోన్‌లో రికార్డు పెట్టుకోండి, అలిసిపోతే ఆపేయండి. ఏడాదికి రెండు నెలలు సెలవు మీద వచ్చే భర్త, నెలనెలా మనియార్డరు, మిగతా పది నెలలూ పిల్లలు, అత్తమామలు, పొలం, అన్నీ ఆవిడే చూసుకుంది. ఆ ఏళ్లు రాయకుండా ఆయన్ని కుటుంబం కోసం బతికిన మనిషి అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. సెలవు మీద వచ్చిన నాన్నని చూసి పిల్లలు తలుపు చాటుకి పోయి ఉంటే అదీ రాయండి. ఆ తర్వాత బ్యాంకు ఉద్యోగంలో సాయంత్రాలు ఇంటికొచ్చి లెక్కలు చెప్పిన నాన్న ఎంత విలువైనవాడో అప్పుడే తెలుస్తుంది. కోపిష్టి అయితే కోపిష్టి అనే రాయండి, ప్రేమ తగ్గదు.

రాసేటప్పుడు ‘నిజాయితీపరుడు’ లాంటి మాట వచ్చిన ప్రతిచోటా దాన్ని కొట్టేసి, ఆ మాట ఎందుకు అనిపించిందో ఆ సంఘటన పెట్టండి. సంఘటన గుర్తు రాకపోతే మాట కూడా వద్దు. తెలియని ఏళ్లని కల్పనతో పూడ్చకండి, వదిలేయండి. వాట్సాప్‌లో పంచేదైతే సర్వీసు నంబరు, పెన్షన్ మంజూరు కాగితం మీది పీపీఓ నంబరు, ఆధార్ కనిపించే ఫొటోలు పెట్టొద్దు, మోసగాళ్లు వాటికోసమే చూస్తుంటారు.

పెద్దకర్మకి అంతా పూర్తవ్వాలని టెన్షన్ పడకండి. ఆ రోజుకి ఐదు నిమిషాల్లో చదవగలిగే ఒక్క పేజీ చాలు. అసలుది సంవత్సరీకం నాటికి అచ్చు వేయించండి. చివర రెండు ఖాళీ పేజీలు, కింద మీ ఫోన్ నంబరు ఉంచి, మీరు మాట్లాడిన ప్రతి ఒక్కరికీ ఒక కాపీ పంపండి, తప్పులుంటే వాళ్లే ఫోన్ చేసి చెబుతారు.