నిన్న పట్టిన బోను, నేటి లెక్క: ఎలుకల సర్వేలో వాసన పెట్టే చిక్కు

పెన్నా ఆయకట్టు వరిపొలాల్లో ప్రాణాలతో ఎలుకల్ని పట్టి లెక్కవేసేవాళ్లు ఎర గురించి ఎంతైనా చర్చిస్తారు. బోనులో మిగిలిన వాసన సంగతి ఎవరూ ఎత్తరు. వచ్చిపోయింది ఆడదా మగదా, తమ జాతిదా కాదా అని ఎలుకలు ఎక్కువగా మూత్రం వాసనతో పోల్చుకుంటాయి. కాబట్టి ఒకసారి ఎలుక పడిన బోనూ, కడిగిన బోనూ వాటికి ఒకటి కావు. సొంత జాతి వాసన తరచూ లాగుతుంది. పందికొక్కు కంపు చిట్టెలుకను బెదరగొట్టవచ్చు. ఇక చుంచు (ఎలుకలా కనిపించే, మూతి పొడుగైన కంపు జంతువు) పడిన బోను మన ముక్కుకే తెలుస్తుంది.

దీంతో లెక్క ఎలా చెడుతుందో చూడండి. మొదటి విడతలో 20 ఎలుకలకు గుర్తుపెట్టి వదిలారనుకుందాం. రెండో విడతలో 24 పడ్డాయి, వాటిలో గుర్తున్నవి 8. 20ని 24తో గుణించి 8తో భాగిస్తే 60, అదే పొలంలోని మొత్తం ఎలుకల అంచనా. వాసనకు పాతవే మళ్లీ దూరి గుర్తున్నవి 12 అయితే, అదే లెక్క 40 అంటుంది. పొలంలో ఒక్క ఎలుకా తగ్గలేదు.

కడిగే పని తెల్లవారి బోన్లు తీయగానే మొదలుపెట్టాలి. రబ్బరు తొడుగులు తప్పనిసరి, ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. ఎండిన పెంటికల్ని పొడిగా దులపకండి, ముందు తడపండి. పాత ఎర, గడ్డి పారేసి, వాసన లేని సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి రుద్దాలి. మూత్రం ఎక్కువగా తొక్కుడు పలక (ఎలుక కాలు పెడితే తలుపు మూసేది) కింద, రేకు మడతల్లో ఎండిపోతుంది. పైపైన కడిగితే పోయేది కాదు. పూర్తిగా జాడించాకే బ్లీచ్ ద్రావణం, ఒక వంతుకు 9 వంతుల నీళ్లు. మూత్రం మీదే బ్లీచ్ పోస్తే ఘాటైన విషవాయువు పుడుతుంది. బ్లీచ్‌ను 10 నిమిషాలు దాటనివ్వకండి, అల్యూమినియం తినేస్తుంది. మళ్లీ రెండు మూడు నీళ్లలో జాడించి ఎండబెట్టండి, లేకపోతే బ్లీచ్ వాసనే కొత్త తంటా. స్ప్రింగుకు నూనె రాయొద్దు. చెక్క బోన్లు మూత్రాన్ని పీల్చుకుంటాయి, సర్వేకి పనికిరావు.

అక్టోబరు, నవంబరు వానల్లో నెల్లూరులో ఎండబెట్టడం కష్టం. 50 చోట్లకు 60 బోన్లు ఉంచుకుని, ఎలుక పడినదాన్ని తీసి కడిగినది పెట్టడమే మేలు. చుంచు పడినవాటిని విడిగా మోయండి. ఒకే సంచిలో వేస్తే అన్నిటికీ అంటుకుంటుంది.

ఒకే బోనులో పదేపదే పడుతుంటే వాసన వల్లా, చోటు మంచిదవడం వల్లా? ప్రతి చోటా ఒక కడిగిన బోను, ఒక కడగని బోను పక్కపక్కన పెట్టి, ఎడమ కుడి రోజూ మార్చండి. కడగనిది ఏ పక్కనున్నా దానిలోనే ఎక్కువ పడితే వాసనే. ఏది పెట్టినా ఆ చోటే నిండుతుంటే కలుగు దగ్గర్లో ఉన్నట్టు. కడిగే వీలే లేకపోతే, సర్వేకి ముందు అన్ని బోన్లనూ ఒకే తీరున వాడి మురికి చేసి, అలాగే చివరిదాకా నడపండి. లెక్క వేసే సర్వేలో సగం కడిగినవి, సగం కడగనివి కలిస్తేనే ముప్పు. ఏ బోను ఎప్పుడు కడిగారో, అందులో ముందు ఏ జాతి పడిందో నంబరు వారీగా పుస్తకంలో రాయండి.