మాడ్యూల్ (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చే గది) ఎత్తే ముందు చూసుకోవాల్సినవి

క్రేన్‌ని పిలిచే ముందే పునాది కర్ణాలు (ఎదురెదురు మూలల మధ్య దూరాలు) రెండూ కొలవండి, సమానంగా రావాలి. కింద 5 మి.మీ. తేడా ఉన్నా పైన బోల్టు రంధ్రాలు కలవకపోవచ్చు. అప్పుడు రంధ్రాలు పెద్దవి చేద్దామని గ్యాస్ కట్టర్ తెచ్చేవాణ్ణి ఆపండి.

హైదరాబాద్‌లో మణికొండ లాంటి చోట్ల సందుల్లో కేబుళ్లు కిందికి వేలాడతాయి. ట్రైలర్‌తో కలిపి ఎత్తు లెక్కేసి, ముందురోజే దారి చూడండి.

క్రేన్ కాళ్ల కింద పాత సెప్టిక్ ట్యాంకు, పూడ్చిన గుంత ఉండకూడదు. వాన పడితే మళ్లీ చూడండి.

అసలు ప్రమాదం స్లింగుల (మాడ్యూల్‌ని క్రేన్ కొక్కేనికి తగిలించే తాళ్ల) దగ్గరే. రెండు స్లింగులు అడ్డగీతతో 30 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని మీద మాడ్యూల్ మొత్తం బరువంత లాగుడు పడుతుంది, పై ఫ్రేము లోపలికి నొక్కుకుపోతుంది. ఆ కోణం 60 డిగ్రీలకు తగ్గనివ్వకండి, లేదా స్ప్రెడర్ బీమ్ (స్లింగులను ఎడంగా పట్టి ఉంచే అడ్డదూలం) వాడండి.

లోపల విడి టైల్స్ పెట్టెలుంటే దించేయండి.